ఎవరికీ చుట్టం కాని జయశ్రీ గారు

పందొమ్మిది వందల తొంభయ్యో సంవత్సరం జూలై తొమ్మిదో తేదీన, సమాజసేవా శాస్త్రంలో పుచ్చుకున్న స్నాతకోత్తర పట్టం మీద ఇంకా సిరా ఆరని కుమారి జయశ్రీ గారు కిరండూలు పాసింజరు దిగి, ఒక చేత ట్రంకు పెట్టె, మరో చేత చువ్వ విరిగిన గొడుగు పట్టుకుని, అరకులోని మా కొండదివ్వె శిశు సంక్షేమ కేంద్రంలో సోషల్ వర్కరుగా విధుల్లో చేరారు. ఆనాటి వాన లాంటి వాన మళ్లీ కురవలేదని పాతవాళ్లు చెబుతారు. పాతవాళ్లు ప్రతి వానకూ అదే మాట చెబుతారు కనుక దాన్ని అలా ఉంచుదాం. చెప్పుకోవలసింది ఏమిటంటే, ఆమెను తీసుకురావడానికి స్టేషనుకు ఎవరూ వెళ్లలేదు, వెళ్లాలన్న ఊహ కూడా ఎవరికీ తట్టలేదు.

అప్పటి పర్యవేక్షకులు కీర్తిశేషులు సర్వేశ్వరరావు గారు మితభాషి. ఆమె ఇచ్చిన నియామక పత్రం చూసి, "మంచిదమ్మా, రేపటి నుంచి ఊళ్లు తిరగండి" అన్నారు. "ఏ ఊళ్లండీ?" అని అడిగితే, కిటికీలోంచి మంచులో మునిగిన కొండల వైపు చెయ్యి ఊపి, "కనిపించేవన్నీ" అన్నారు. ఆ పూట మంచులో కనిపించేది ఒక్కటీ లేదు. ఉద్యోగ బాధ్యతలను గురించి ఆమెకు లభించిన శిక్షణ యావత్తూ అంతటితో సమాప్తం.

చీపురుపల్లి దగ్గర ఉమ్మడి కుటుంబంలో, పదిమంది ఒకేసారి మాట్లాడి ఎవరి మాటా వినపడని లోగిట్లో పుట్టి పెరిగిన మనిషికి, కేంద్రం వెనక ఒంటి గది క్వార్టరులో ఆ వానాకాలం ఎలా గడిచి ఉంటుందో పాఠకులు ఊహించుకోగలరు. కార్యాలయంలో అందరూ "మేడమ్" అనేవారు, కుర్చీ చూపించేవారు, అయిదు కొట్టగానే ఎవరిళ్లకు వాళ్లు చక్కా పోయేవారు. ఆదివారం వస్తే ఆమెకు భయం వేసేది. వండుకుని, తిని, గిన్నె కడిగి బోర్లించాక ఇక చేసే పని ఉండేది కాదు. పాసింజరు వచ్చే వేళకు స్టేషనుకు నడిచి వెళ్లి, దిగే జనాన్ని చూసి, బండి కదిలాక తిరిగి వచ్చేవారు. ఒకనాడు మా కేంద్రం ఆరోగ్య కార్యకర్త యర్రమ్మ గారు ఆ ప్లాట్‌ఫారం మీదే ఆమెను పట్టేశారు.

"ఓలమ్మ! ఎవులొస్తన్నారమ్మా బండిలో?"

"ఎవరూ రారండీ."

"మరేటి సేత్తన్నావిక్కడ?"

"దిగేవాళ్లను చూస్తున్నాను."

యర్రమ్మ గారు సాలూరు వైపు మనిషి. అప్పటికే ఈ కొండల మీద చెప్పులు అరగదీసిన అనుభవశాలి, నోరు మహా దురుసు. డిగ్రీ పట్టుకుని పై జీతానికి వచ్చిన ఈ చిన్నపిల్లంటే ఆవిడకు మొదట్లో బొత్తిగా గిట్టేది కాదు. వెంట రమ్మంటే మోకాళ్ల నొప్పులనేవారు, దారి అడిగితే రెండు దార్లు చెప్పేవారు. జయశ్రీ గారు కూడా తక్కువ తినలేదు. గడప ఎక్కీ ఎక్కగానే కాగితం తీసి, "ఇంట్లో ఎందరు? పిల్లలెందరు? బతికి ఉన్నవారెందరు?" అని ప్రశ్నావళి అందుకునేవారు. కుటుంబ నియంత్రణ ఆపరేషనుకు పట్టుకుపోయే మనిషి వచ్చిందని ఊళ్లో మగవాళ్లు అడవి దారి పట్టేవారు. ఆ దృశ్యం కళ్లారా చూసిన యర్రమ్మ గారు నవ్వాపుకోలేక చెట్టు పట్టుకుని నిలబడి, "నువ్వు మనుసుల్తో మాటాడుతన్నావా, పరీచ్చ రాస్తన్నావా గుంటా?" అన్నారు. ఆ నవ్వుతో ఇద్దరి మధ్యా మంచు విడిపోయింది. అప్పటినుంచి యర్రమ్మ గారి సూదుల పెట్టె ఒక ఊరికి, జయశ్రీ గారి కాగితాల సంచి మరో ఊరికి వెళ్లడం మానేసి, రెండూ ఒకే దారిన నడిచాయి.

అయినా సహోద్యోగం వేరు, సావాసం వేరు. సాయంత్రం యర్రమ్మ గారికి మొగుడూ పిల్లలూ ఉన్న ఇల్లుంది. జయశ్రీ గారికి సావాసం దొరికింది శుక్రవారం సంతలో. కరకపుట్టు అనే కొండ మీది ఊరి నుంచి పసుపు, పిప్పళ్లు తట్టలో పెట్టుకుని దిగి వచ్చే గంగ, ఇంచుమించు ఆమె ఈడుదే. సంత గట్టు మీద ఒంటరిగా కూర్చుని అటుకులు తింటున్న ఈ పట్నం పిల్లను చూసి, తట్ట పక్కకు జరిపి, పిలవకుండానే వచ్చి కూర్చుంది.

"ఒక్కర్తివే తింతన్నావేటి? ఒక్కలూ తింతే కడుపు నిండదు" అని, ఆమె పొట్లంలోంచి పిడికెడు అటుకులు తీసుకుని నోట్లో వేసుకుంది.

ఆ పిడికెడుతో జయశ్రీ గారి కడుపు నిజంగానే నిండింది. తర్వాత ప్రతి శుక్రవారమూ గట్టు మీద ఇద్దరికీ చోటు ఉండేది. గంగ ఆమెకు కొండ భాషలో తిట్లు నేర్పింది, ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో చెప్పింది, థింసా నాట్యంలో అడుగు ఎటు వెయ్యాలో చూపించి, ఆమె ఎటో వేస్తే పడీపడీ నవ్వింది. ఏడాది తిరిగేసరికి, కొర్రల కొత్త పంటకు చేసే కొర్రకొత్త పండగ నాడు ఊరందరి ముందూ నేస్తం కట్టుకుందామని అడిగింది.

మైదానంలోని మన బంధుమిత్రుల కోసం ఒక్క మాట చెప్పాలి. కొండ మీద నేస్తం అంటే ఉత్త స్నేహం కాదు. కొత్త బట్టలు ఇచ్చిపుచ్చుకుని, పెద్దల ఎదుట ఒకే విస్తట్లో తిని కట్టుకునే జన్మబంధం అది. కట్టుకున్నాక ఒకరి పేరు ఒకరు నోటితో పలకరు, "నేస్తం" అనే పిలుచుకుంటారు. ఒకరి ఇంట పండగైతే రెండో ఇంట పొయ్యి వెలిగించరు. చావుకు తోబుట్టువులతో సమంగా ఏడుస్తారు. జయశ్రీ గారు ఆ రాత్రి సంతోషం పట్టలేక అద్దంలో తనను చూసి తానే నవ్వుకున్నారట. సరేనని గంగకు మాట ఇచ్చారు.

సరిగ్గా ఆ వానాకాలమే కరకపుట్టును చలిజ్వరం ఊడ్చేసింది. రాజకుమారి అనే మూడేళ్ల పిల్ల తల్లినీ తండ్రినీ వెంటవెంటనే పోగొట్టుకుంది. పిల్లను నేను పెంచుతానంటే నేను పెంచుతానని రెండు ఇళ్లు ముందుకు వచ్చాయి. పిల్లతోపాటు గెడ్డ పక్కన, వాగు నీరు పారే మంచి మడి కూడా వస్తుంది కనుక, ప్రేమ ఎంతో, మడి మీద ఆశ ఎంతో చెప్పగలిగినవాడు లేడు. ఒక ఇల్లు పిల్ల అమ్మమ్మ రత్నాలుది. రెండో ఇల్లు పిల్ల చిన్నాన్న సుక్రుది, అంటే గంగ మొగుడిది. అప్పటికింకా కడుపు పండని గంగ ఆ పసిదాని మీద ప్రాణం పెట్టుకుంది.

ఊరి పెద్ద గాసి తగవు తేల్చలేక, ఒక ఉదయం మా కేంద్రానికి వచ్చి జయశ్రీ గారి ఎదుట నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"నేను సెప్తే ఒకడు వింతాడు, ఒకడు వినడు. నాకిద్దరూ సుట్టాలే. నువ్వు సెప్పు మేడం."

"నేను చెబితే మాత్రం వింటారా?"

"వింతారు. నువ్వు ఎవులికీ ఏమీ కావుగదా, అందుకు వింతారు."

ఏడాదిపాటు ఆమె ఏ దిగులును మింగుతూ వచ్చారో, ఆ దిగులే ఈ కొండ మీద తనకున్న అర్హత అని ఆ పెద్దమనిషి తేల్చి చెప్పాడు. గంగతో నేస్తం కడితే జయశ్రీ గారు సుక్రుకు వదిన వరస అవుతారు, రత్నాలుకు పరాయి మనిషి అవుతారు. యర్రమ్మ గారిని సలహా అడిగితే, "కట్టీసుకో, పోయిందేటి? నాకు మూడూళ్లలో నేస్తాలున్నాయి" అన్నారు. యర్రమ్మ గారు సూది వేసే మనిషి. సూదికి పక్షపాతం ఉండదు. తీర్పు చెప్పే మనిషికి ఆ వెసులుబాటు లేదని, ఈడుకు మించిన వివేకంతో ఆ కొత్త ఉద్యోగిని గ్రహించారు. నేస్తం వద్దనుకున్నారు.

వద్దనుకోవడం సరే, వద్దని చెప్పిన తీరులో పప్పులో కాలేశారు. ఏ సంగతైనా ఎదుటి మనిషికి నేరుగా, ముఖాముఖి, మర్యాదగా చెప్పడమే వృత్తిధర్మమని ఆమె చదువుకుని వచ్చారు. కొండ మీద ఆనవాయితీ దీనికి పూర్తిగా తలకిందులు. నేస్తం ఇష్టం లేకపోతే మధ్యవర్తితో ముందుగా కబురంపాలి, ముఖాన చెప్పకూడదు. చెబితే నలుగురిలో చెంప మీద కొట్టినట్టే. ఆమెకు ఆ సంగతి తెలియదు. పండగ నాడు డప్పులు మోగుతుండగా కొత్త చీర, కొర్రల బుట్ట పట్టుకుని ఎదురొచ్చిన గంగ రెండు చేతులూ పట్టుకుని, "ఉద్యోగంలో ఉండగా నేను నేస్తం కట్టకూడదు గంగా, నన్ను క్షమించు" అన్నారు. డప్పులు ఆగిపోయాయి. గంగ చేతులు విడిపించుకుని, బుట్ట నెత్తిన పెట్టుకుని, ఇంటికి వెళ్లి తలుపు వేసుకుంది.

తరవాతి తీర్పు ఆ కోపం మీద కారం చల్లింది. పిల్ల ఎవరి ఒళ్లో నిద్రపోతోందో, ఎవరి చేతి ముద్ద తింటోందో రోజుల తరబడి ఆ ఊళ్లోనే ఉండి చూసి, రాజకుమారి అమ్మమ్మ దగ్గరే పెరగాలని, మడి సుక్రు దున్ని పిల్ల భాగం ధాన్యం ఏటా రత్నాలు ఇంటికి కొలవాలని జయశ్రీ గారు చెప్పారు. ఊరు ఒప్పుకుంది. సుక్రు కూడా గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఆ శుక్రవారం సంతలో గంగ తట్ట ఎక్కడో చివర, చేపల వరసలో కనిపించింది. గట్టు మీద జయశ్రీ గారు పొట్లం విప్పి, తినలేక, మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశారు. కొండ మొత్తానికి న్యాయం చేసి ఒక్క మనిషిని పోగొట్టుకున్నాను అని ఆమె ఇన్నేళ్ల తర్వాత ఈ వ్యాసకర్తతో అన్నారు.

అయితే ఆ తీర్పు వార్త వాగులు దాటి పాకింది. "ఆ మేడం ఎవులికీ సుట్టం కాదు" అన్న మాటే ఆమెకు బిరుదైంది. మాట కలపని ఊళ్లు కబురు పెట్టి పిలిచాయి. ఆసుపత్రి డాక్టర్లు, పోలీసు వారు, బడి మాస్టర్లు, చర్చి పెద్దలు, ఊరి పూజారులు, ఒకరి ముఖం ఒకరు చూడనివారు సైతం ఆమె పిలిస్తే ఒకే బల్ల చుట్టూ కూర్చునే స్థితి వచ్చింది. తొంభై ఆరులో పాచిపెంట శాఖకు బదిలీ అయ్యారు, అక్కడి నుంచి కురుపాం వెళ్లారు, రెండుచోట్లా శూన్యం నుంచి మొదలుపెట్టి సంబంధాల వల అల్లి, రెండు వేల మూడులో సీనియర్ సోషల్ వర్కరుగా అరకుకు తిరిగి వచ్చారు. పెళ్లి సంబంధాలు రాలేదా అంటే వచ్చాయి. ఉద్యోగం మానమన్నవాటిని ఆమె పంపించేశారు, అరకు కొండ మీద కాపురమా అన్నవి వాటంతట అవే వెళ్లిపోయాయి.

తిరిగి వచ్చిన మరుసటి ఏడాది ఒక మధ్యాహ్నం గంగ మా కార్యాలయం గుమ్మం ముందు నిలబడింది. పెళ్లయిన చాలా కాలానికి పుట్టిన ఒక్కగానొక్క కూతుర్ని, ఇంకా బడి ఈడు పిల్లని, పట్నంలో పని ఇప్పిస్తానని ఒక దళారి ఎక్కించుకుపోయాడు. జయశ్రీ గారు లేచి నిలబడి, "లోపలికి రా గంగా" అన్నారు. గంగ గుమ్మం దాటలేదు.

"నా పిల్లని తెచ్చిపెట్టు మేడం. నువ్వు ఎవులి మాటా వినవు, ఎవులికీ లొంగవని వొచ్చినాను."

ఆ పొగడ్త ఎంత నొప్పి పెట్టిందో వేరే చెప్పనక్కర్లేదు. కానీ వారం తిరిగేలోగా, ఊరూరా తాను సంపాదించుకున్న పరిచయాలన్నింటినీ ఆ ఒక్క పిల్ల కోసం కదిలించి, ఒక తోటబంగళా వంటింట్లో అంట్లు తోముతున్న పిల్లను బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని కరకపుట్టు చేర్చారు. గంగ పిల్లను గుండెలకు హత్తుకుని బావురుమంది. జయశ్రీ గారికి దూరం నుంచే దండం పెట్టి, పిల్లను తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం ఆమె గాసి అరుగు మీద అంబలి తాగి, ఒంటరిగా కొండ దిగారు.

రెండు వేల పన్నెండులో కేంద్రం సంచాలకులైన నాటి నుంచి ఆమె పరిపాలనా దక్షతను గురించి ఈ పదవీ విరమణ సంచికలో ఇతరులు రాశారు. కొత్తగా చేరిన సోషల్ వర్కర్లకు ఆమె చెప్పే పాఠం మాత్రం ఇక్కడ రాయక తప్పదు: "ఊళ్లో ప్రతి ఇంటా నీళ్లు తాగండి. ఒక్క ఇంటికే చుట్టం కాకండి." మేడమ్ నవ్వరని, బిగదీసుకుని ఉంటారని ఆ కొత్తవాళ్లు వెనకాల చెవులు కొరుక్కునేవారు. నిజమే, నవ్వడం తగ్గింది. యర్రమ్మ గారు విరమించి సాలూరు వెళ్లాక కూడా పండగకు పబ్బానికి ఫోన్ చేసి, "గుంటా, తిన్నావా?" అని అడిగేవారు. సంచాలకుల గదిలో, పెద్ద బల్ల వెనక, యాభై దాటిన మా మేడమ్ ఆ ఫోనుకు చిన్నపిల్లలా పలికేవారు. కరోనా రెండో ఏడు యర్రమ్మ గారిని తీసుకుపోయింది. ఆనాటి నుంచి ఆమెను మేడమ్ అనకుండా పిలిచే నోరు ఈ కొండల మీద ఒక్కటీ లేకుండా పోయింది.

ఇక మొన్న అక్టోబరు సంగతి. అడగ్గా అడగ్గా ఆమె స్వయంగా చెప్పినది. నవంబరు విరమణకు ముందుగానే బాధ్యతల అప్పగింత ముగిసిన మర్నాడు ఆమె సెలవు పెట్టారు. సొంత పనికి వాడకూడదని ఆఫీసు జీపు ముట్టుకోలేదు. ఆటోలో కొంత, నడక కొంత, కరకపుట్టు ఎక్కారు. సుక్రు పోయి చాలా కాలమైంది, కూతురు అత్తవారింట ఉంది. గంగ తల పూర్తిగా నెరిసింది. వాకిట్లో ఒక్కర్తీ కూర్చుని రాజ్మా కాయలు ఒలుస్తోంది.

"మేడం వొచ్చినావా? ఎవులింటికి? ఏటి తగువు?"

"తగువేం లేదు. పనేం లేదు. ఊరికే వచ్చాను."

"పని నేకుండా నువ్వొస్తావేటి?"

"నవంబరు నెలాఖరుకు నా ఉద్యోగం అయిపోతుంది గంగా. ఇంక నేను ఎవరికీ తీర్పు చెప్పక్కర్లేదు." ఇంతవరకూ దారి పొడుగునా వల్లె వేసుకున్న మాటలు ఆమె గడగడా అనేశారు. తర్వాతివి వల్లె వేసినవి కావు. "అప్పుడు నువ్వు అడిగావు. ఇప్పుడు నేను అడగడానికొచ్చాను. మధ్యవర్తిని పంపాలని తెలుసు. నాకు ఎవరున్నారు పంపడానికి? వద్దను, తప్పులేదు."

గంగ ఒలవడం ఆపలేదు. వెళ్లిపోవడమే మంచిదని జయశ్రీ గారు చెప్పుల్లో కాలు పెట్టారు.

"నేస్తం కడితే పండగలకి రావాల," అంది గంగ తల ఎత్తకుండానే. "నేను సచ్చిపోతే ఏడవాల. సేత్తావా?"

"చేస్తాను."

"నువ్వు సచ్చిపోతే ఎవులేడుస్తారు?"

జయశ్రీ గారు చెప్పుల్లోంచి కాలు వెనక్కి తీశారు.

"ఏడవడానికి నేను లేనా?" అని గంగ కసిరింది. చాప మీద పక్కకు జరిగి చోటు ఇచ్చింది. "కూకో. ఒలు. ఇందాకట్నుంచి గంగా గంగా అంతన్నావు. అదే ఆకరు. ఇంక పేరెట్టి పిలిస్తే తంతాను."

అక్కడికక్కడే విస్తరి వెయ్యబోతే, మా మేడమ్ ఉద్యోగం పూర్తి కాకుండా కుదరదని పట్టుబట్టి డిసెంబరు ఒకటో తేదీకి వాయిదా వేయించారట. మహాతల్లి, ఆఖరి రోజుల్లో కూడా నియమం తప్పలేదు! ఆ పంతానికి ఈసారి గంగ నవ్వింది.

కనుక ఈ సంచిక చదువుతున్న సహోద్యోగులకు, చీపురుపల్లి నుంచి విచ్చేసిన బంధుజనానికి ఒక విన్నపం. ఒకటో తేదీన శుభాకాంక్షలు చెప్పడానికి ఆమెకు ఎవరూ ఫోన్ చేయకండి. కరకపుట్టులో సిగ్నల్ ఉండదు, పైగా ఆమెకు తీరిక ఉండదు. ముప్పై అయిదేళ్లు మా కేంద్రాన్ని నిలబెట్టి, అందరికీ సమదూరంలో ఒంటరిగా నిలిచిన మా జయశ్రీ గారు ఆ రోజు ఒక ఇంటికి చుట్టం కాబోతున్నారు. కొండదేవతలు ఆ ఇద్దరికీ కీళ్లలో సత్తువ, కళ్లలో వెలుగు, విస్తట్లో కొత్త కొర్రలు ఏటేటా కరవు కాకుండా చూడాలని మా అందరి ప్రార్థన. ఒకరి పేరు ఒకరు పలకక, పలకక, చివరికి ఆ పేర్లేమిటో ఇద్దరూ మరచిపోయేంత కాలం వారు చల్లగా బతకాలి.